జానెడుకో దెబ్బ

ఫిబ్రవరి నెలలో ఒక ఆదివారం ఉదయం, ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండల మధ్య ఒక రాళ్ల వాగులో, ముందు చక్రం రిమ్ము మునిగేంత నీటిలో, ఫుట్‌రెస్టుల మీద నిలబడి నేను బండి నడుపుతున్నాను. మొదటి గేరులో ఉన్న బండి మనిషి నడక వేగానికి మించి పోవడం లేదు. ఒడ్డున ప్లాస్టిక్ కోటు వేసుకున్న ఒక పెద్దాయన చేతిలో కార్డు, పెన్సిలు పట్టుకుని నా ముఖం వైపు కాకుండా నా పాదాల వైపే చూస్తున్నాడు. నీటి చప్పుడుకు పైన ఇంజను దెబ్బలు ఒక్కొక్కటిగా, ఎవరో తీరిగ్గా వడ్లు దంచుతున్నట్టు వినిపిస్తున్నాయి. నాచు పట్టిన ఒక బండరాయి మీదికి ముందు చక్రం ఎక్కింది. వెనుక చక్రం దాన్ని అందుకునే వేళకు దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఇంకా పెరిగింది. ఇక ఆగిపోతుందని నేను అనుకున్న తరువాత కూడా ఇంకొక దెబ్బ పడింది. బండి రాయి దిగి అవతలి ఒడ్డు ఎక్కింది. పెద్దాయన కార్డు మీద సున్న వేశాడు.

ఈ ఆటను ట్రయల్స్ అంటారు. ఇందులో వేగానికి మార్కు లేదు. కొండవాలులోనో వాగులోనో కొంత దూరాన్ని జెండాలతో, టేపుతో గుర్తించి దాన్ని సెక్షన్ అంటారు. పాదం నేలకు తగలకుండా ఆ సెక్షన్ దాటాలి. పాదం ఒకసారి తగిలితే 1, రెండుసార్లయితే 2, మూడుసార్లు లేదా అంతకు మించితే 3, ఆగినా, పడినా, హద్దు దాటినా 5 పడతాయి. చివరికి ఎవరికి తక్కువ వస్తే వారే గెలిచినట్టు. మార్కులు తక్కువ వస్తే మెచ్చుకునే పరీక్ష నా జీవితంలో ఇదొక్కటే ఎదురైంది కనుక నలభై దాటిన వయసులో కూడా దీనికి లొంగిపోయాను.

నా బండి 1950లలో తయారైన 350 రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్. నాకు ముందు దాన్ని ఉంచుకున్న మనిషి లైట్లు, పెద్ద మడ్‌గార్డులు, బరువైన సీటు తీసేసి, సైలెన్సరును పైకి ఎత్తించి, ముందు 21 అంగుళాల చక్రం వేయించి దాన్ని ట్రయల్స్‌కు సిద్ధం చేసుకున్నాడు. ఏడేళ్ల క్రితం నేను చూడడానికి వెళ్లినప్పుడు, అంత పాత బండి కుడి కాలి గేరును నేను తడుముకోకుండా పైకెత్తి మొదటిది వేయడం చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. ఎడమ కాలి గేరుకు అలవాటుపడిన ఈ కాలపువారు ఇక్కడ మొదటి వారమంతా బ్రేకు తొక్కబోయి గేరు మారుస్తారు. ధర్మవరం దగ్గరి పల్లెలో మా మేనమామ బుల్లెట్టు మీద బండి నేర్చుకున్నవాడికి ఆ ఇబ్బంది ఎందుకుంటుంది? మొదటిది పైకి, తక్కిన మూడూ కిందికి, న్యూట్రల్ కోసం మడమతో నొక్కే చిన్న మీట. అన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి. కిక్కు కొట్టేముందు సిలిండరులోని ఒత్తిడిని వదిలించే డీకంప్రెషన్ లివర్ కూడా ఎడమ పిడి కిందే ఉంది. లేనిదల్లా ఆంపియర్ మీటరు. నా బండికి బ్యాటరీ లేదు, స్పార్కుకు కరెంటును తానే పుట్టించుకునే మాగ్నెటోతోనే నడుస్తుంది కనుక ముల్లు మధ్యకు వచ్చిందా లేదా అని చూసి కిక్కు కొట్టే మన అలవాటుకు ఇక్కడ పని లేదు. పిస్టన్ ఎక్కడుందో పాదానికే తెలియాలి.

మన ఊళ్లలో బుల్లెట్టు అంటే పెద్దమనిషి బండి. రోడ్డు మీద ఠీవిగా కూర్చుని పోవడానికే అది పుట్టిందని నేను చాలా కాలం అనుకున్నాను. నిజానికి దాని బాల్యమంతా బురదలో గడిచింది. ఇంగ్లండులో సూదుల తయారీకి పేరుపడిన రెడిచ్ అనే ఊళ్లో, సూదుల వ్యాపారంతోనే మొదలైన కంపెనీ రాయల్ ఎన్‌ఫీల్డ్. 1948లో ఆ కంపెనీ తన కొత్త 350 నమూనాలను జనం ముందుకు మొదట తెచ్చింది ఏ ప్రదర్శనశాలలోనో కాదు, కోల్‌మోర్ కప్ అనే ట్రయల్స్ పోటీలో. వాటికి వెనుకవైపు ఊగే చట్రం, రెండు షాకప్‌లు ఉన్నాయి. ఆ రోజుల్లో ట్రయల్స్ బండికి వెనుక స్ప్రింగులు ఉంటే చక్రం ఎగిరి పట్టు తప్పుతుందని గట్టి నమ్మకం ఉండేది. 1947 నుంచి 1949 వరకు వరుసగా మూడేళ్లు స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ అనే ఆరు రోజుల పోటీ గెలిచిన హ్యూ వైనీ నడిపిన ఏజేఎస్ కంపెనీ బండికి వెనుక స్ప్రింగులే లేవు. అలాంటి కాలంలో స్ప్రింగులున్న బండిని వాగులోకి దింపడం సాహసమే. అదే ఏడు ఇటలీలోని శాన్‌రెమోలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీలో ఈ కొత్త బుల్లెట్లు బంగారు పతకాలు తెచ్చాయి. వాటిలో ఒకదాన్ని నడిపిన విక్ బ్రిటెన్ కొడుకు జానీ బ్రిటెన్, 350 బుల్లెట్ మీద 1952లోను, తిరిగి 1957లోను స్కాటిష్ ఆరు రోజుల పోటీ గెలిచాడు. ఆ రెండు గెలుపుల మధ్య, 1955లో, మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. రెడిచ్ కార్ఖానా 1967లో మూతపడినా, మద్రాసు దగ్గరి తిరువొత్తియూరులో మాత్రం 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు వెడల్పు), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉన్న అదే 346 సీసీ ఇంజను దశాబ్దాల పాటు తయారవుతూనే ఉంది. మామ బండి ఇంజనూ నా బండి ఇంజనూ అన్నదమ్ములని నేను చెప్పడం ముచ్చటకు కాదు, కొలతలు అలా ఉన్నాయి.

ఆ 90 మిల్లీమీటర్ల స్ట్రోకులోనే అసలు సంగతి ఉంది. బోరు కంటే స్ట్రోకు ఎక్కువగా ఉన్న ఇంజను, దానికి తోడు లోపల బరువైన ఫ్లైవీళ్లు. ఫ్లైవీల్ అంటే ఇంజను దాచుకున్న ఊపు. ఒక దెబ్బకూ తరువాతి దెబ్బకూ మధ్య బండిని నడిపేది పెట్రోలు కాదు, ఆ చక్రాల బరువే. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి మండుతుంది. నా బండి మొదటి గేరులో ఇంజను సుమారు ఇరవై చుట్లు తిరిగితే వెనుక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత రెండు మీటర్లకు కొంచెం పైన. ఒకనాడు టీ తాగుతూ ఈ లెక్క వేసుకుంటే తేలింది ఏమిటంటే, ఇంజను వేసే ప్రతి దెబ్బకూ బండి ఇరవై ఒక్క సెంటీమీటర్లు, అంటే ఒక జానెడు, ముందుకు జరుగుతుంది. ఇంజను ఎంత నెమ్మదిగా తిరిగినా, ఎంత వేగంగా తిరిగినా ఈ జానెడు మారదు.

తడి రాయి మీద టైరు జారేది ఎప్పుడంటే, దెబ్బ పడిన క్షణంలో. దెబ్బ దాటిపోయిన తరువాత టైరు రాయిని తిరిగి పట్టుకోవడానికి కొంత వ్యవధి కావాలి. ప్రతి చుట్టుకూ మండే టూ స్ట్రోకు ఇంజను అదే గేరులో జానెడులో సగానికే మరొక దెబ్బ వేస్తుంది. మా బండి మాత్రం ఒకటి వేసి, జానెడు దూరం ఊరుకుని, టైరు కుదురుకున్నాక ఇంకొకటి వేస్తుంది. పాత ఫోర్ స్ట్రోకు బండి బురదలో పట్టు దొరకబుచ్చుకుంటుందని ఇక్కడి పెద్దలు చెప్పే మాటను నేను ఈ జానెడు లెక్కతో అర్థం చేసుకున్నాను. ఇందులో టైరుకూ వాటా ఉంది. మన దగ్గర పెట్రోలు బంకులో ముప్పై గాలి పట్టించుకునే చోట నేను వెనుక టైరులో ఐదే ఉంచుతాను. రెండు బొటనవేళ్లతో నొక్కితే లోపలికి పోయేంత మెత్తగా ఉంటుంది. అంత తక్కువ గాలికి టైరు రిమ్ము మీద జారి ట్యూబు మూతి తెగిపోకుండా, లోపల ఒక బిళ్ల పెట్టి రిమ్ముకు బోల్టుతో బిగిస్తారు. మొదటి ఏడు ఆ బోల్టు బిగించడం మరిచిపోయి, కొండ మీద నుంచి బండిని రెండు మైళ్లు తోసుకుంటూ వచ్చాను. 140 కిలోల బండి అది. ఇప్పటి ట్రయల్స్ బండి 70 కిలోలకు అటూ ఇటూ ఉంటుందని ఆ రోజు ప్రతి అడుగులోనూ గుర్తుకు వచ్చింది.

ఇంతకు మించిన తప్పు రెండో ఏడు జరిగింది. సైలెన్సరులోంచి నీలం పొగ వస్తుంటే బోరు చేయించడానికి ఒక వర్క్‌షాపులో ఇచ్చాను. వాళ్లు నా మంచికే అనుకుని, కంప్రెషన్ ఎక్కువగా ఉండే, అంటే మండేముందు గాలిని ఇంకా గట్టిగా నొక్కే, పిస్టన్ వేశారు. అంతకు ముందు 6.5 ఉన్న కంప్రెషన్ నిష్పత్తి 8.5 అయింది. రోడ్డు మీద వేసి చూస్తే బండికి వయసు తగ్గినట్టే అనిపించింది, నేను సంతోషించాను కూడా. తరువాతి ఆదివారం వాగులోకి దిగితే తెలిసింది. నెమ్మదిగా తిరిగేటప్పుడు ప్రతి దెబ్బా ఎవరో వెనుక నుంచి తోసినట్టు పడుతోంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య పిస్టన్ పైకి పోవడానికే ఫ్లైవీళ్ల ఊపంతా ఖర్చవుతోంది. మునుపు ఆయాసపడుతూనైనా రాయి ఎక్కే ఇంజను ఇప్పుడు ముందస్తు కబురు కూడా లేకుండా టక్కున ఆగిపోతోంది. ఆ ఒక్క రోజులో నాకు తొమ్మిది ఐదులు వచ్చాయి. శక్తి పెరిగిందని వర్క్‌షాపువారు చెప్పిన మాట అబద్ధం కాదు, కాని ఆ శక్తి నేను ఎన్నడూ వెళ్లని చోట, పై చుట్లలో, పెరిగింది. పాత రకం పిస్టన్ వెతికి తెప్పించి మార్పించడానికి మూడు నెలలు, రెండింతల ఖర్చు పట్టాయి. ఆ డబ్బు గురించి ఇంట్లో ఇంకా పూర్తిగా చెప్పలేదు.

నడిపే తీరులోనూ ఈ బండికి తనదైన పట్టింపు ఉంది. కొత్త బండ్ల కుర్రవాళ్లు సెక్షన్ మొత్తం ఒక వేలు క్లచ్ మీదే ఉంచి, ఇంజనును గట్టిగా తిప్పి, క్లచ్ వదులుతూ పట్టుకుంటూ రాళ్ల మీదికి దూకుతారు. అది చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. ఇక్కడ అది కుదరదు. సెక్షన్ మొదట్లో క్లచ్ వదిలితే చివరి జెండా దాటేదాకా దాన్ని మళ్లీ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే ఫ్లైవీళ్ల ఊపుకూ చక్రానికీ సంబంధం తెగుతుంది. ఎడమ చేతికి మిగిలే పని స్పార్కును ముందుకూ వెనుకకూ జరిపే చిన్న మీటది. వాగులోకి దిగేముందు దాన్ని కొంచెం వెనుకకు లాగితే ఇంజను దెబ్బ మెత్తబడుతుంది, నిట్ట ఎక్కుడు వచ్చినప్పుడు తిరిగి ముందుకు తోయాలి. కుడి చేయి ఎక్సలేటరును తిప్పడం కంటే తిప్పకుండా ఆపుకోవడమే ఎక్కువ. శరీరం బండి మీద కూర్చోదు, రెండు ఫుట్‌రెస్టుల మీద నిలబడి ఏ పక్క బరువు వేస్తే బండి ఆ పక్కకు తిరుగుతుంది. చూపు ముందు చక్రం మీద ఉంటే పడిపోతాం, రెండు రాళ్ల అవతల ఉంటే దాటుతాం. ఇవన్నీ చదివి నేర్చుకోవచ్చు గాని, భయపడినప్పుడు మణికట్టు తనంతట తానే ఎక్సలేటరు తిప్పే అలవాటు పోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఇన్ని గొప్పలున్న బండ్లు పోటీల నుంచి ఎందుకు పోయాయి అంటే, ఒక మనిషి పేరు చెప్పాలి. బెల్ఫాస్ట్‌లో పుట్టిన శామీ మిల్లర్ 500 సీసీ ఏరియల్ హెచ్‌టీ5 బండిని ఏళ్ల తరబడి చెక్కుతూ, బరువు తగ్గిస్తూ, జీఓవీ 132 అనే దాని నంబరు ప్లేటునే ఒక పేరుగా మార్చాడు. దాని మీద 1962, 1964 సంవత్సరాలలో స్కాటిష్ ఆరు రోజుల పోటీ గెలిచాడు. ఆ తరువాత స్పెయిన్ కంపెనీ బుల్టాకోతో కలిసి షెర్పా అనే తేలికైన టూ స్ట్రోకు బండిని తయారుచేయించి, దాని మీద 1965లో అదే పోటీ గెలిచాడు. పాత బండితో అందరినీ ఓడించినవాడే పాత బండిని కూడా ఓడించాడు. నా జానెడు లెక్క తప్పని దీని అర్థం కాదు, కాని బరువు సగానికి దిగివస్తే పట్టు సంగతి రెండోది అవుతుంది. తరువాత 1982 నుంచి 1984 వరకు బెల్జియంకు చెందిన ఎడీ లెజ్యూన్ ఫోర్ స్ట్రోకు హోండా మీద మూడుసార్లు ప్రపంచ విజేత అయినప్పుడు ఫోర్ స్ట్రోకా, టూ స్ట్రోకా అనే వాదన మళ్లీ రేగింది. జీఓవీ 132 మాత్రం ఇప్పుడు న్యూ మిల్టన్‌లోని మిల్లర్ మ్యూజియంలో ఉంది. నేను వెళ్లి దాని ముందు అరగంట నిలబడి వచ్చాను. దగ్గర నుంచి చూస్తే అది అందమైన బండేమీ కాదు. ఒక్కచోటనైనా అవసరానికి మించిన ఇనుము కనబడదు, అంతే.

1965కు ముందువిగా రూపుదిద్దుకున్న బండ్లకు ప్రత్యేకంగా జరిగే పోటీలను ప్రీ 65 అంటారు. వాటిలో పేరున్నది 1984 నుంచి స్కాట్లండ్‌లోని కిన్‌లోఖ్‌లెవెన్ అనే చిన్న ఊరిలో జరుగుతోంది. అక్కడ పోటీ చేసే స్థాయి నాకు లేదు, రెండుసార్లు చూసి వచ్చాను. ఆ ఊరి అల్యూమినియం కార్ఖానా కరెంటు కోసం కొండ మీది నుంచి నీళ్లు దింపిన పెద్ద గొట్టాల పక్కనే పైప్‌లైన్ అనే సెక్షన్ ఉంది. అది పొడుగాటి నిట్ట వాలు, కాలి కింద నిలవని వదులు రాళ్లు. కింద నుంచి బయలుదేరిన బండి చప్పుడు కొండకు తగిలి తిరిగివస్తుంటే, కళ్లు మూసుకున్నా ఏ బండి ఎక్కడ తడబడిందో చెవికి తెలుస్తుంది. దెబ్బల వరుస సమంగా సాగుతూ ఒక్కసారి చిక్కబడితే చక్రం ఊరికే తిరుగుతోందన్నమాట. ఎడం పెరుగుతూ పోతే ఆగబోతోందన్నమాట. అక్కడికి వచ్చేవాటిలో కొన్ని బండ్లు ఆకారానికి మాత్రమే 1965కు ముందువి, లోపలంతా ఈ నాటి లోహం, ఈ నాటి సస్పెన్షన్. నాకు అది నచ్చదు. నచ్చకపోవడంలో నా బండి 140 కిలోలు ఉండడానికి కూడా కొంత భాగం ఉందేమో.

2019లో మన దేశంలో జానీ బ్రిటెన్ గెలుపుల గుర్తుగా బుల్లెట్ ట్రయల్స్ అనే పేరుతో 350, 500 బండ్లు వచ్చాయి. 350కి ఎర్ర చట్రం, 500కి ఆకుపచ్చ చట్రం, పైకి లేచిన సైలెన్సరు. సెలవుకు వచ్చినప్పుడు అనంతపురంలో ఒకదాన్ని చూశాను. చూపుకు బాగుంది. కొన్నవారిలో ఎందరు దాన్ని వాగులోకి దింపి ఉంటారని అడగడం అన్యాయం. మన దగ్గర వాగులోకి దిగేవాడికి ఆ పేరున్న బండి ఎన్నడూ అవసరం కాలేదు.

మామ చిత్రావతి ఇసుకలో బండి నడపడం నా పదేళ్ల వయసులో నేను చూసిన దృశ్యం. ఏరు ఎండిపోయి ఉండేది. వెనుక రెండు చెనిక్కాయల మూటలు, వాటి మీద నేను. ఒడ్డు దిగేముందు మామ మొదటి గేరులోకి వచ్చి, నన్ను కదలకుండా కూర్చోమని చెప్పి, అవతలి ఒడ్డు దాకా ఎక్సలేటరు తిప్పకుండా, కాలు దించకుండా దుక్కు దుక్కుమంటూ దాటించేవాడు. పక్కనే మోపెడ్ మీద వచ్చినవాడు ఇసుకలో కూరుకుపోయి ఇంజను అరిపిస్తుంటే, మామ వెనక్కు చూడకుండానే, “తిప్పితే దిగబడుతుంది, దాని పాటికి దాన్ని పోనీయల్ల,” అనేవాడు. డెర్బీషైర్‌లో నాకు రెండేళ్లు పట్టిన సంగతి అదే.

గత నెల బండిని పోటీకి సిద్ధం చేస్తూ, స్లో పెట్టిన తరువాత ఇంజను చప్పుడును ఒక నిమిషం పాటు ఫోనులో పట్టి మామకు పంపాను. ఆయనకు ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు, బండి అమ్మేసి పదేళ్లయింది. రాత్రి ఫోను చేసి, వాగు గురించి గాని, పోటీ గురించి గాని ఒక్క మాట అడగలేదు.

“అల్లుడా, టాపెట్టొకటి లూజుగా ఉండాది. ఎగ్జాస్టుదనుకుంటా. చూసుకో.”

నేను పొద్దుననే చూసి పెట్టానని చెప్పాను. అయినా మరునాడు ఇంజను చల్లగా ఉండగా పక్క మూత విప్పి, పిస్టన్‌ను పైకి తెచ్చి, వాల్వులను తెరిచే రెండు పుష్‌రాడ్లనూ వేళ్లతో పట్టుకున్నాను. రెండూ వేలికి సులువుగా తిరగాలి గాని పైకీ కిందికీ ఆడకూడదు. ఇన్‌లెట్‌ది సరిగ్గా ఉంది. ఎగ్జాస్టుది కాగితం మందాన ఆడుతోంది.